సగం గీసిన ఈగ

శ్రీనగర్ కాలనీలో ఇల్లున్నవాళ్ళకి సినిమాతో సంబంధం లేదంటే ఎవరూ నమ్మరు. పొద్దున్న నడకకి వెళ్తే పార్కులో కొత్తగా పరిచయమైనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మీరే డిపార్ట్‌మెంటండీ?" అని. కెమెరానా, ఎడిటింగా, కాస్ట్యూమ్సా అని వాళ్ళ ఉద్దేశం. "ఈగలు" అంటాను నేను. ఒకాయన చాలా మర్యాదగా "గ్రాఫిక్సా?" అన్నాడు. కాదండీ, నిజం ఈగలే, ఆఫ్రికా ఈగలు అన్నాక ఆయన నడక వేగం పెంచాడు.

ఉద్యోగ జీవితమంతా నేను చేసింది ఈగలకి ఇంటిపేర్లు పెట్టడం. మా శాస్త్రంలో ప్రజాతి అంటే ఇంటిపేరు లాంటిది, జాతి అంటే ఆ ఇంట్లో ఒక్కొక్కరి సొంత పేరు. రెక్కల మీద ఈనెలు ఎలా చీలాయో, వీపు మీద ముళ్ళలాంటి వెంట్రుకలు ఏ వరసలో ఉన్నాయో, మగ ఈగ పొట్ట చివర ఉండే జత కొక్కేలు ఏ ఆకారంలో ఉన్నాయో చూసి, ఇది ఫలానా ఇంటిది అని తేల్చాలి. అన్నిటికంటే నమ్మదగినవి ఆ కొక్కేలే. జతకట్టేటప్పుడు ఆడ ఈగని పట్టుకునేవి అవి కాబట్టి, ఒక్కో ఇంటివాళ్ళకి ఒక్కో తీరు.

ఆకుపచ్చగా మెరుస్తూ, పొడుగు కాళ్ళతో, బియ్యపు గింజంత ఉండే ఒక రకం ఈగలు నా సబ్జెక్టు. మన అడవుల్లోవాటికీ తూర్పు ఆఫ్రికా అడవుల్లోవాటికీ దగ్గర చుట్టరికం ఉందని ఎప్పుడో ఒక వ్యాసం రాశాను. దాని పుణ్యమా అని ఒక విదేశీ మ్యూజియం వాళ్ళు తమ దగ్గర పేరు లేకుండా పడి ఉన్న ఆఫ్రికా ఈగల్ని పెట్టెల్లో సర్ది మాకు అరువు పంపడం మొదలుపెట్టారు. "మన దేశంలో ఈగలు అయిపోయాయా అమ్మా?" అని మా అత్తగారు చాలాకాలం నిజంగానే బాధపడ్డారు.

మా సంస్థ సొంత భవనం కప్పు కారడం మొదలుపెట్టాక, పెట్టెలన్నీ మోసుకుని జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళాకి మారాం. తాత్కాలికం అన్నారు. నేను రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాం. పక్క బంగళాని దాని యజమాని షూటింగులకి కిరాయికి ఇచ్చేవాడు. ఒకరోజు అక్కడ పెళ్ళి జరిగేది, మర్నాడు ఎవరో పోయి అందరూ ఏడ్చేవారు, ఆ తర్వాత అదే వరండాలో కోర్టు నడిచేది. మా గేటు మీది బోర్డు పేరు చాంతాడంత. ఎవరూ చివరిదాకా చదవరు. ఆటోవాళ్ళకీ, షూటింగువాళ్ళకీ మాది "ఈగల ఆఫీసు".

ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. సలహా ఏమైనా చెప్పండి మేడం అంటారు. సలహాలు నా దగ్గర లేవు. ఒక ఈగ కథ మాత్రం ఉంది.

ముందు మా ఆర్టిస్టు గారి సంగతి చెప్పాలి. కొత్త ఈగని లోకానికి పరిచయం చేయాలంటే మాటలు చాలవు, బొమ్మ కావాలి. ఫొటోలో అన్ని అంచులూ ఒకేసారి స్పష్టంగా రావు. అందుకని చేత్తో గీసేవాళ్ళని పెట్టుకుంటాం. ఈయన గుడివాడ వైపు మనిషి. వయసులో ఉండగా సినిమా హాళ్ళకి బ్యానర్లు గీసేవాడు. నిచ్చెనెక్కి, రెండంతస్తుల హీరోని ఒంటిచేత్తో దించేవాడట. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, ఫిల్మ్‌నగర్‌లో చిన్న గది తీసుకుని దొరికిన పనల్లా చేసి, చివరికి మా దగ్గర కాంట్రాక్టు మీద చేరాడు. రెండంతస్తుల హీరోలని గీసిన చెయ్యి బియ్యపు గింజంత ఈగ మీదికి వచ్చింది. ఆయనకి అందులో చిన్నతనం కనిపించలేదు. "సైజు మారిందండీ, అంతే. ఇది మాత్రం హీరో కాదా?" అనేవాడు.

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా ఆయన వాళ్ళ బొమ్మ రంగుల్లో గీసి ఇచ్చేవాడు. ఆ బొమ్మల్లో అందరూ కథానాయకులే. బట్టతల డైరెక్టరు గారికి ఒత్తైన జుట్టు వచ్చింది. స్టోరు గుమాస్తాకి మొటిమల గుంటలు మాయమై బుగ్గలు నున్నబడ్డాయి. అందరూ సంతోషంగా ఇంటికి పట్టుకెళ్ళారు. నాకు కోపం వచ్చినప్పుడు ఎడమ కనుబొమ ఒక్కటే పైకి లేస్తుంది. లేచిలేచి అది మామూలప్పుడు కూడా కాస్త పైనే ఆగిపోయింది. ఆఫీసులో అది చూసే నా దగ్గరికి ఫైలు తేవాలో వద్దో నిర్ణయించుకునేవారట. నా వంతు వచ్చినప్పుడు ఈ కనుబొమని ఆయన ఏ సినిమా తార దగ్గర అరువు తెస్తాడో అని సరదాగా అనుకునేదాన్ని.

ఇక ఆ అమ్మాయి. జనగామ దగ్గర ఊరు. నా దగ్గర పరిశోధన చేయడానికి చేరింది. మాట గట్టి, చెయ్యి మెత్తన. ఆఫ్రికా పెట్టెల్లో ఒకదాన్ని ఆమెకి అప్పగించాను. కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం పరుగెత్తుకొచ్చింది.

"మేడం, జర గిది చూడుండ్రి. దీని కొక్కేలు రెండు ఒక్క తీరుగ లేవు."

చూశాను. కుడి కొక్కెం పొట్టిగా, తిన్నగా ఉంది. ఎడమది దానికి రెట్టింపు పొడుగుండి, బయటికి వంగి ఉంది. ఈ ఈగల కుటుంబంలో కొక్కేలు అద్దంలో చూసుకున్నట్టు రెండూ ఒకేలా ఉండడం మామూలు. ఇలా చెరో దారి పట్టిన ఇంటివాళ్ళు మాకు తెలిసిన ప్రజాతుల్లో ఎక్కడా లేరు. అంటే ఇది కొత్త ప్రజాతి కావచ్చు. కొత్త జాతులు దొరకడం మాకు పండగ, కొత్త ప్రజాతి దొరకడమంటే పెళ్ళి.

ఆమెకి అది పెళ్ళి కంటే పెద్ద సంగతి. ఫెలోషిప్పు గడువు దగ్గరపడుతోంది. ఈ ప్రజాతి నిలబడి వ్యాసం అచ్చయితే పొడిగిస్తారు. లేకపోతే థీసిస్ సగంలో వదిలేసి, ఊరి దగ్గర కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకోవడమే. ఇంట్లో వాళ్ళు అప్పటికే "ఇగ ఈగలు చాలు బిడ్డా" అంటున్నారు.

వ్యాసం రాసింది. ఆర్టిస్టు గారు బొమ్మ గీశాడు. బొమ్మ వచ్చిన రోజుల్లో ఆమె తమ్ముడి పెళ్ళికి ఊరెళ్ళింది. నేను చూశాను. గీత ఎంత శుభ్రంగా ఉందో అనుకుని, వ్యాసంతో పాటు విదేశీ పత్రికకి పంపేశాను.

విదేశంలో ఆ వ్యాసం పరిశీలించినాయన జవాబు రెండే ముక్కలు. వ్యాసం కొక్కేలు రెండూ వేరంటోంది, బొమ్మలో రెండూ ఒకటే, దేన్ని నమ్మమంటారు? పోనీ మాటే నిజమనుకున్నా, మీ దగ్గరున్నది ఒకే ఒక్క మగ ఈగ. అది పుట్టుకతో అవకరం కావచ్చు, కొక్కేలు శుభ్రపడాలని పొటాష్ ద్రావణంలో ఉడికించినప్పుడు సాగి ఉండొచ్చు. ఇంకొకటి చూపించండి, లేదా కొత్త ప్రజాతి మాట మానుకోండి.

బొమ్మ తీసి చూశాం. రెండు కొక్కేలూ పొట్టిగా, తిన్నగా, కవల పిల్లల్లా ఉన్నాయి. నా కనుబొమ లేచింది. ఆర్టిస్టు గారిని పిలిచాం.

"ఇదేమిటండీ, ఎడమది ఏమైంది?"

ఆయన నిజంగా తెల్లబోయాడు. "ఏమవడమేంటండీ? నేను కుడి సగం గీశాను. ట్రేసింగ్ పేపరు మధ్యకి మడిచి, వెనక నుంచి రుద్ది రెండో సగం దించాను. మొదటినుంచీ అలాగే కదండీ చేసేది?"

నిజమే. బ్యానర్ల మీద దేవుడి కిరీటం అలాగే వేసేవారట. సగం గీసి, కాగితం మడిచి, రెండో సగం దించేస్తే ఏ వైపు నుంచి చూసినా కిరీటం వంకర అనరు. మా రంగంలోనూ చాలామంది అదే చేస్తారు. ఈగ రెండు సగాలూ ఒకటే అయినప్పుడు రెండుసార్లు గీయడం ఎందుకు?

"కానీ సార్, ఎడమ దిక్కు వేరుగ ఉన్నది మీకు కనపడలేదా?" అంది ఆ అమ్మాయి.

"కనపడిందమ్మా. ఉడికినప్పుడు పాడైందనుకున్నాను. ఒక హీరో గారికి బుగ్గ మీద గాటు ఉండేది. ఏనాడైనా వేశానా? పాడైంది బాగుచేయడం నా పని అనుకున్నాను." ఆయన గొంతు తగ్గింది. "నీకు మేలే చేశాననుకున్నాను తల్లీ."

ఆ మాటకి ఆమె బొమ్మని మెల్లగా ఫైల్లో పెట్టేసింది. నాకు మాత్రం నాలుగు మాటలు అనాలనే ఉంది. కానీ మంచి బుద్ధితో చెడగొట్టినవాళ్ళని తిట్టడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

అరువు పెట్టెలో అదే రెక్క, అదే మెరుపు ఉన్న మగ ఈగ ఇంకొకటి ఉంది. మిగతావన్నీ ఆడవి. కానీ అరువు తెచ్చిన ఈగని మన ఇష్టానికి కోయకూడదు. మొదటిదానికి రాసినట్టే దీనికీ మ్యూజియానికి రాశాం. ఈ ఒక్కటి కోయండి, పొట్ట చివరి ముక్క మాత్రమే తీయండి, నెలాఖరుకల్లా పెట్టె తిరిగి పంపేయండి అని జవాబు వచ్చింది. ఎండిపోయిన ఈగ అది. కొక్కేలు పొట్ట కిందకి ముడుచుకుని ఉండడం వల్ల పైనుంచి ఏమీ తెలియదు. సూది జారితే ఆ ముక్క పొడైపోతుంది. ఆమె ఆశ కూడా దానితో పాటే.

ఈగని తడి ఇసుక పోసిన మూత డబ్బాలో పెట్టి మెత్తబరిచాం. మర్నాడు పొద్దున్న కోయాలి. ఆలస్యమైతే బూజు పడుతుంది కాబట్టి వాయిదా వేయడానికి లేదు. నన్నే చేయమంది. "ఈగ నీది, చెయ్యి నీదే ఉండాలి" అన్నాను. నిజానికి అప్పటికే నా చెయ్యి కాస్త వణికేది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

ఆమె మైక్రోస్కోపు ముందు కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. ఆర్టిస్టు గారు పెన్సిళ్ళతో వచ్చి మరో మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నాడు. ట్రేసింగ్ పేపర్ల కట్ట తెచ్చుకోలేదు. ఆమె సూది అందుకుంది.

సరిగ్గా అప్పుడే పక్క బంగళాలో పాట మొదలైంది.

పాట అంటే మీరు ఫోన్‌లో వినే పాట కాదు. షూటింగులో డాన్సు చేసేవాళ్ళకి వినపడాలని మనిషెత్తు స్పీకర్లు పెడతారు. ఒక్కో దరువుకి మా కిటికీ అద్దాలు జివ్వుమంటున్నాయి. మైక్రోస్కోపులో చూస్తే ఈగ అంచులు కనబడ్డం లేదు, ఆకుపచ్చ మసక ఊగుతోంది. ఆమె సూది దించింది, తీసింది. మళ్ళీ దించింది, తీసింది. నుదుటి మీద చెమట.

"అయితలేదు మేడం."

నేను చెప్పులేసుకుని పక్క బంగళాకి వెళ్ళాను. వెనకే ఆ అమ్మాయి. గేటు దగ్గర ప్రొడక్షన్ మేనేజరు రెండు ఫోన్లలో ఒకేసారి మాట్లాడుతున్నాడు. యాభై దాటిన మనిషి, భుజం మీద తువ్వాలు. నేను నా హోదా, సంస్థ పూర్తి పేరు, పరిశోధన ప్రాముఖ్యం అన్నీ వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఏంది మేడం, గా ఈగ కోసం పాట ఆపాల్నా? హీరోయిన్ డేట్లు రేపటితోని అయిపోతయ్" అన్నాడు.

నా కనుబొమ పనిచేయని మనుషులు లోకంలో ఉన్నారని అప్పుడే తెలిసింది. ఇంకోసారి ప్రాముఖ్యం అందుకోబోతుంటే ఆ అమ్మాయి ముందుకొచ్చింది.

"అన్నా, నా చదువంత గా ఒక్క ఈగ మీదున్నది. ఇంకోటి లేదు. మీ సౌండ్‌కు బల్ల ఊగుతాంది, సూది ఆగుతలేదు. తప్పిందంటే నేను ఊరికి వోవుడే. జర గంతసేపు బందు పెట్టుండ్రి అన్నా."

ఆయన ఫోన్లు రెండూ జేబులో పెట్టుకున్నాడు. "ఏ ఊరు మనది?"

"జనగామ దిక్కు."

"మాది ఆలేరు." భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "ఈగ మీద సదువుతరా? మంచిగనే ఉన్నది గాని... సరే, ఫికర్ చెయ్యకు. లంచ్ జర ముందు పెట్టిస్త. మాస్టర్ నన్ను తిడితే తిట్టనీ. అందరు తినేదాంక పాట ఉండది. గా లోపల మీ పని గావాలె."

మేం మా గేటు దాటేలోపే పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా ఆఫీసు గడియారం శబ్దం వినిపించింది. అక్కడ చేరిన ఇన్నేళ్ళలో దానికి శబ్దం ఉందని నాకు తెలియదు.

ఆమె కూర్చుంది. ముందు ఈగని వెల్లకిలా తిప్పింది. కోయకముందే, ఉడికించకముందే చూసి గీయాలి, రేపు ఎవరూ పొటాష్ మీదికి నెట్టకూడదు అని ముందే అనుకున్నాం. తడికి మెత్తబడిన ఆ ముడుచుకున్న కొసని సూదిమొనతో కొంచెం, కొంచెం పైకి లేపింది. ఈగ ఉన్న పళ్ళెం మెల్లగా ఆర్టిస్టు గారి మైక్రోస్కోపు కిందకి జరిపింది.

"మీరు చూడుండ్రి సార్. ముందుగాల మీరే చూడాలె."

ఆయన కళ్ళజోడు తీసి, కన్ను ఆనించి, పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా," అన్నాడు చివరికి, "ఇది వంకరేనమ్మా. పుట్టుకతో వంకరే. ఎడమది పొడుగ్గా, బయటికి తిరిగి ఉంది. అచ్చం ఆ మొదటిదానిలాగే."

అప్పుడు ఏడ్చింది ఆ అమ్మాయి. నేను కూడా. మీతో దాపరికం ఎందుకు? ఆర్టిస్టు గారు మాత్రం ఏడవలేదు. మా ఇద్దరినీ అవతలికి వెళ్ళమని, పెన్సిలు చెక్కుకుని, కుడి సగం గీశాడు. తర్వాత కాగితం మడవకుండా, మళ్ళీ మైక్రోస్కోపులోకి చూసి, ఎడమ సగం మొదటినుంచీ గీశాడు. గీస్తూ సణుగుతూనే ఉన్నాడు. "హీరోకి ముక్కు వంకరగా వేసినట్టుందండీ. చెయ్యి రావట్లేదు."

ఆ తర్వాత ఆమె ముక్కని కోసింది, గోరువెచ్చని పొటాష్‌లో శుభ్రం చేసి గ్లిజరిన్‌లో వేసింది. సూది జారలేదు. అన్నీ సర్దేసరికి పక్క బంగళాలో పాట మళ్ళీ అందుకుంది, కిటికీ అద్దాలు మళ్ళీ జివ్వుమన్నాయి. ఈసారి ఆమె అటెండర్లతో కలిసి ఆ దరువుకి కాలు కదిపింది. నేను చూడనట్టు నటించాను.

వ్యాసం అచ్చయింది. ప్రజాతి నిలబడింది. ఆమె ఫెలోషిప్పు పొడిగించారు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో పాఠాలు చెబుతోంది, గంటల లెక్కన కాదు. వ్యాసం చివర కృతజ్ఞతల్లో మ్యూజియం వాళ్ళ తర్వాత, భోజనం ముందుగా చేసిన పక్కింటి సినిమా యూనిట్‌కి కూడా ఒక వాక్యం రాసింది. పరిశీలించినాయన దాన్ని తీసేయమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ సినిమా విడుదలైనప్పుడు మేం ముగ్గురం కలిసి వెళ్ళాం. మొదట్లో వేసే కృతజ్ఞతల్లో పోలీసులూ, మున్సిపాలిటీ వారూ, ఆలేరు మిత్రులూ అయ్యాక "ఈగల ఆఫీసు" అని పడింది. హాల్లో నవ్వారు. మేం ఇంకా గట్టిగా నవ్వాం. సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు.

ఆర్టిస్టు గారికి ఆ రోజు నుంచి ఒక అలవాటు పడింది. ఏ ఈగని గీసినా, గీశాక బొమ్మలో సగాన్ని అరచేత్తో మూసి మిగతా సగాన్ని చూసేవాడు. తర్వాత చెయ్యి అటు మార్చి, రెండో సగాన్ని చూసేవాడు. అంతవరకూ నాకు ఇచ్చేవాడు కాదు. పని కొంచెం ఆలస్యమయ్యేది. నేను తొందరపెట్టలేదు.

నేను రిటైరైన రోజు, దండలూ శాలువా అయ్యాక, ఆయన నా బొమ్మ తెచ్చాడు. పైన గుడ్డ కప్పి ఉంది. అందరూ చుట్టూ చేరారు. పట్టుచీర, నగలు, కొత్త ముఖం ఉంటాయనుకున్నాను. గుడ్డ తీశాడు. నేనే ఉన్నాను. కళ్ళ కింద సంచులు, నడినెత్తిన తెల్లబడిన పాపిట, రోజూ కట్టుకునే నూలు చీర. కుడి కనుబొమ దాని చోట అది ఉంది. ఎడమది పైకి లేచి ఉంది.

అందరూ బొమ్మనీ నన్నూ మార్చిమార్చి చూశారు. మా ఆయన నా చెవిలో "ఇదేంటి, అందరివీ అంత బాగా వేసి నీది ఇలా వేశాడు?" అన్నారు.

ఆర్టిస్టు గారు నా ముఖంలోకి, ముఖ్యంగా ఎడమవైపుకి, భయంగా చూస్తున్నాడు. "రెండు సగాలూ విడివిడిగా గీశానండీ," అన్నాడు.

ఆ బొమ్మ మా ముందు గదిలో, వచ్చినవాళ్ళందరికీ కనిపించే చోట ఉంది.